చుక్క పెట్టిన అర

తుపాకుల మరమ్మతు కొట్టు, మెట్ల వీధి
మార్చి 6

చిరంజీవి మేనకోడలికి,

మీ అత్తా నేనూ బాగానే ఉన్నాం. నిన్న పోస్టులో మీ క్లబ్బు పుస్తకం రాకపోయి ఉంటే ఇంకా బాగుండేవాళ్లం.

క్లబ్బు పెట్టి వందేళ్లయిందట. అట్ట నున్నగా ఉంది. ముప్ఫై ఒకటో పేజీలో 'పాతకాలపు గొప్పలు' అని శీర్షిక పెట్టి ఇలా రాశారు: 'యాభై గజాల నుంచి రివాల్వరుతో ఒంటిచేత్తో పది తూటాలు కాల్చి వందకి తొంభై తొమ్మిది సాధించినట్టు అప్పటి ఆయుధాల మేస్త్రి పేరిట ఉన్న పంక్తి అసాధ్యమని పరీక్షలో తేలినందున రికార్డుల బోర్డు నుంచి తొలగించడమైనది. ఆనాటి ఉత్సాహంలో పొరపాటు జరిగి ఉండవచ్చు.'

ఆ మేస్త్రి మా నాన్న, మీ తాత. అబద్ధాలకోరు అని రాసినా బాగుండేది, ఎదురు తిరిగి రెండు మాటలు అనగలిగేవాణ్ణి. పొరపాటు జరిగి ఉండవచ్చట. చచ్చినవాడి భుజం తట్టి పంపించేసినట్టుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన వాళ్ల తుపాకుల తుప్పు తుడిచాడు. అన్నేళ్లలో ఒక్కసారి, మెంబరు ఒకడు రాకపోతే ఖాళీ పూరించడానికి, కాల్చేవాళ్ల వరసలో నిలబడనిచ్చారు. ఆ ఒక్కసారి కాల్చినదే ఆ తొంభై తొమ్మిది. ఆ రోజు మార్కరుని నేనే. టార్గెట్ల కింద మట్టికట్ట వెనక గోతిలో కూర్చుని, కార్డు కిందికి దించి, రంధ్రాలు లెక్కపెట్టి, కర్రతో చూపించేవాడే మార్కరు. కార్డు మీద నా సంతకం ఉంది. అంటే నా సంతకం కూడా ఉత్సాహంలో జరిగిన పొరపాటే.

నువ్వు అక్కడే గురి నేర్పుతున్నావు కదా. పరీక్ష చేసిన ఆ మొనగాడెవడో కనుక్కుని రాయి. ఫోన్ చెయ్యకు. ఇన్నేళ్ల పేలుళ్లకి నా చెవులు సగం పోయాయి. ఫోన్లో సగం మాటలే వినిపిస్తాయి. తిట్టేటప్పుడు సగం తిట్లు వృథా కాకూడదు.

మీ మావయ్య


శిక్షకుల గది, షూటింగ్ రేంజి
మార్చి 13

మావయ్యకి నమస్కారాలు.

ఆ మొనగాణ్ణి నేనే.

కాగితం చింపేసే ముందు మిగతాది కూడా చదవండి. పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు సెక్రటరీ నన్ను పిలిచి, "బోర్డు మీద ఉన్నవన్నీ ఒకసారి సరిచూడమ్మా, వచ్చినవాళ్లు అడుగుతుంటారు" అన్నాడు. తాతయ్య కాల్చిన ఆ పాత రివాల్వరు ఇప్పటికీ బీరువాలోనే ఉంది. మనిషి చెయ్యి వణుకుతుంది గనక చెయ్యి సంగతి పక్కన పెట్టాను. దాన్ని ఇనప దిమ్మెకి వైసులో బిగించి, కొత్త తూటాల పెట్టె తెరిచి, ముప్ఫై కాల్చాను. రంధ్రాలన్నీ కలిపి కొలిస్తే ఆరంగుళాల వెడల్పు వచ్చింది. పది మార్కుల వలయం వెడల్పు మూడంగుళాల పైచిలుకు. వైసులో కదలకుండా ఉన్న తుపాకీయే ఆరంగుళాలు చెదరగొడుతుంటే, దాన్ని చేత్తో పట్టుకున్న మనిషి మూడంగుళాల్లో పెట్టడం ఎలా కుదురుతుంది? నా లెక్కలో తప్పుంటే చెప్పండి.

మావయ్యా, ఇప్పుడు మేం ఎలా నేర్చుకుంటున్నామో మీరు చూడలేదు. పిస్టలు పిడి నా అరచేతి అచ్చు తీసి చెక్కించింది. గొట్టం కింద ఒక చిన్న యంత్రం పెడితే, నా గురి ఎటు జారిందో, ఎప్పుడు ఆగిందో తెర మీద గీత గీసి చూపిస్తుంది. రోజుకి రెండు వందల తూటాలు, పదకొండేళ్లుగా. ఇంతా చేస్తే ఒక్కసారి తొంభై ఏడు వచ్చింది. తాతయ్యకి ఇవేవీ లేవు. ఆయన గొప్పవాడు కాదని నేను అనడం లేదు. ఆ తుపాకీతో అది కుదరదని మాత్రమే అంటున్నాను.

'ఉత్సాహంలో పొరపాటు' అన్న వాక్యం నాది కాదు, సెక్రటరీది.

అత్తకి కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయండి. అమ్మ వస్తానంటోంది.

మీ కోడలు


మెట్ల వీధి
మార్చి 19

కోడలికి,

కాగితం చింపలేదు. మీ అత్త లాక్కుంది.

నేను ముప్ఫై ఒకటో పేజీ దగ్గరే ఆగిపోయాను. మీ అత్త నలభయ్యో పేజీ దాకా వెళ్లి, "ఇదిగో, మన పిల్ల ఫోటో" అని మురిసిపోతూ చూపించింది. కొత్త బోర్డు ఫోటో అది. మొదటి వరసలో నువ్వు, తొంభై ఏడు. నాలుగు పేరాలు రాశావు గానీ ఈ ముక్క రాయడానికి చోటు చాలలేదు కాబోలు. పై మెట్టు మీదున్నవాణ్ణి తోసేసి, అసలు ఆ మెట్టే లేదన్నావు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయని ఊరికే అనలేదు.

ఇప్పుడు నీ పరీక్ష సంగతి. ఆ రివాల్వరు తిరిగే సిలిండరులో ఆరు అరలున్నాయి. నువ్వు ఎన్ని నింపావు? ఆరూ నింపి ఉంటావు. సిలిండరు అంచు భూతద్దం పెట్టి చూశావా? ఒక అర పక్కన సూదిమొన అంత చుక్క ఉంటుంది. నాన్న కొట్టిన చుక్క అది. చేసిన కంపెనీవాడు ఆ అరని వెంట్రుకవాసి వంకరగా తొలిచాడు. దాన్లోంచి వెళ్లిన గుండు ఎప్పుడూ ఎడంవైపు కిందికే పోతుంది. ఆ చుక్క పెట్టిన అరలో నాన్న జన్మలో తూటా పెట్టలేదు. పది కాల్చాలంటే అయిదు, మళ్లీ అయిదు. ఆ కాలంలో గురి కోసం కాల్చే ప్రతివాడికీ తన తుపాకీలో ఏ అర మంచిదో, ఏది దొంగదో తెలుసు. మీకు తెర మీద గీతలు కనిపిస్తాయి గానీ చేతిలో ఉన్న ఇనుము కనిపించదు.

ఇక తూటాలు. కొత్త పెట్టె తెరిచావట. ఆ గొట్టానికి ఆ గుండు వదులు. నాన్న గుళ్లు నాన్నే పోసుకునేవాడు. ఒక్కో గుండు తూచి, వెయ్యిలో ఏడు వందలు మళ్లీ మూకుట్లో పడేసి కరిగించేవాడు. ఏ యంత్రమూ లేదన్నావు. పొద్దున్నే గోడ మీద బొగ్గు చుక్కకి గురిపెట్టి, గొట్టం మీద ఇనప వాషరు నిలబెట్టి, ఖాళీ తుపాకీ వందసార్లు నొక్కేవాడు. వాషరు పడితే ఆ రోజు లెక్క మళ్లీ ఒకటి నుంచి. మీ అమ్మనడుగు. పొద్దున్నే ఆ టిక్కు టిక్కు చప్పుడుకే లేచేది.

వేరేవాడి చెప్పులేసుకుని నడిచి, వాడికి నడక రాదని తీర్పు చెప్పావు.

మావయ్య


శిక్షకుల గది
మార్చి 27

మావయ్యకి,

భూతద్దం పెట్టి చూశాను. చుక్క ఉంది. నేను ఆరూ నింపాను. తప్పు నాదే.

రెండో తప్పు సంగతి. తాతయ్య పంక్తి పోతే పైన మిగిలేది నేనేనని నాకు ముందే తెలుసు. పరీక్ష ఇంకొకరితో చేయించమని సెక్రటరీతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మీకూ రాయలేదు. రాస్తే ఏమంటారో తెలుసు గనక.

కానీ ఇది కూడా వినండి. పదకొండేళ్లుగా ఇక్కడికి ఎవరొచ్చినా సెక్రటరీ నన్ను ఆ బోర్డు కింద నిలబెట్టి, "ఈ అమ్మాయి తాత మన మేస్త్రి, తుప్పు పట్టిన రివాల్వరుతో తొంభై తొమ్మిది కొట్టాడట" అంటాడు. వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు తాతయ్య మీదో, నా మీదో నాకెప్పుడూ తెలియలేదు. కప్పు గెలిచిన రోజు కూడా, "ఇంకా తాతని దాటలేదుగా" అన్నాడు. నిజమో కాదో ఒకసారి తేలిపోతే చాలనుకున్నాను. తేలాలనుకున్నానో, పోవాలనుకున్నానో ఇప్పుడు మీరు అడిగితే గట్టిగా చెప్పలేను.

గుళ్లు పోసే అచ్చు మీ దగ్గరే ఉంటే పంపండి. మళ్లీ కాలుస్తాను.

కోడలు


మెట్ల వీధి
ఏప్రిల్ 4

కోడలికి,

అచ్చు, మందు కొలిచే డబ్బీ, సీసం గరిటె పంపుతున్నాను. గరిటె కాడ ఊడుతుంది, గుడ్డ చుట్టి పట్టుకో. సీసం ఇరవై వంతులకి తగరం ఒక వంతు. అచ్చు వేడెక్కేదాకా మొదటి పదీ ముడతలు పడతాయి, వాటిని మళ్లీ మూకుట్లో వెయ్యి. గుండు అడుగు నున్నగా లేకపోతే అది గుండు కాదు, సీసం ముక్క. జాలిపడి ఉంచుకోకు.

తేలాలనుకున్నానో, పోవాలనుకున్నానో అని రాశావు చూడు. ఆ వాక్యం రాయకపోయి ఉంటే అచ్చు పంపేవాణ్ణి కాదు.

మావయ్య


శిక్షకుల గది
మే 2

మావయ్యకి,

మీ అచ్చుతో మూడు ఆదివారాలు పోశాను. రెండు వేళ్లు కాలాయి. నూట ఎనభై గుళ్లలో యాభై నాలుగు మిగిలాయి.

సెక్రటరీని పక్కన నిలబెట్టి మరీ రివాల్వరు వైసులో బిగించాను. చుక్క పెట్టిన అర వదిలేసి అయిదే నింపుతూ ముప్ఫై కాల్చాను. అన్నీ కలిపి రెండంగుళాల లోపే. తర్వాత ఆ దొంగ అరలో అయిదు విడిగా కాల్చాను. అయిదూ గుంపుగా ఎడంవైపు కిందికి వెళ్లి, మిగతా వాటికి నాలుగంగుళాల అవతల పడ్డాయి. మొదటిసారి నేను కొలిచిన ఆరంగుళాల్లో సగానికి పైగా ఆ ఒక్క అరదే. దాని పాపం ఆరింటికీ అంటగట్టాను.

సెక్రటరీ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరేనమ్మా, తుపాకీ చేయగలదు. మేస్త్రి చెయ్యి చేయగలదని ఏమిటి నమ్మకం? స్క్రూడ్రైవరు పట్టే చెయ్యి కదా" అన్నాడు.

"ఆ చెయ్యి చుక్క కొట్టకపోతే ఈ తుపాకీ కూడా చేయలేదు సార్. మీరు పదిహేనేళ్లుగా బీరువాలో పెట్టుకున్నారు, మీకు కనిపించిందా?" అన్నాను.

"అంత కోపం దేనికి? అసలు కార్డు తెప్పించు. కళ్లారా చూస్తే బోర్డు మీద నేనే మళ్లీ రాయిస్తాను" అన్నాడు. నలుగురూ వింటుండగా అన్నాడు. ఇక తప్పించుకోలేడు.

కార్డు మీ కొట్టు గోడ మీదే ఉంది కదా. పంపండి. ఇంకో వారంలో తాతయ్య ఆయన చోటికి ఆయన వెళ్లిపోతాడు. నేను రెండో వరసకి దిగుతాను. నాకేం బాధ లేదు. కొంచెం ఉంది, అంతే.

కోడలు


మెట్ల వీధి
జూన్ 11

కోడలికి,

ఉత్తరం ఆలస్యమైంది. మీ అత్త కంటి ఆపరేషన్ అయింది, బాగానే చూస్తోంది. కొట్లో దుమ్మంతా ఇప్పుడే కనిపిస్తోందట. ఆవిడ పాత కన్నే నాకు బాగుండేది.

స్క్రూడ్రైవరు పట్టే చెయ్యి అన్నాడా సెక్రటరీ? వాడి తుపాకీ స్క్రూలు ఎవడు బిగిస్తే అది పేలుతోంది? రైఫిలు వెనక వైపు కూడా పేలగలదని వాడికి చెప్పు. మేస్త్రి చెయ్యి జారితే ముందు పోయేది మెంబరు ముఖమే. ఆ క్లబ్బులో యాభై ఏళ్ల కింద ఇలాంటివాడే ఉన్నాడు. వాడు పోయినా వాడి కుర్చీ పోలేదన్నమాట.

కార్డు సంగతి. అద్దం పాతది, పోస్టులో పగులుతుంది. కాగితం కూడా పెళుసు. వాన రోజులు వస్తున్నాయి. తుపాకీ చేయగలదని తేలింది కదా, అది చాలదా? నా సంతకం చాలదా?

మావయ్య


శిక్షకుల గది
జూన్ 18

మావయ్యకి,

మార్చి నుంచి మీరు రాసిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చదివాను. అన్నింట్లోనూ నిప్పులే. కార్డు అడిగిన చోట మాత్రం వాన కురుస్తోంది.

అద్దం వద్దు, కార్డు తీసి రెండు అట్టల మధ్య పెట్టి పంపండి. అమ్మకి చెబితే, "గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడేమిటి మీ మావయ్య? వాడు పంపకపోతే నేనే వెళ్లి మేకుతో సహా పీక్కొస్తాను" అంది. అమ్మ సంగతి మీకు తెలుసు.

కోడలు


మెట్ల వీధి
జూన్ 29

కోడలికి,

పంపుతున్నాను. ముందు నువ్వు చూడు. తర్వాత నీ ఇష్టం.

మావయ్య


శిక్షకుల గది
జూలై 7

మావయ్యకి,

గది తలుపు వేసుకుని చూశాను. ఇంకా ఎవరికీ చూపించలేదు.

రంధ్రాలు తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది పది వలయంలో, ఒకటి తొమ్మిదిలో. అన్నీ కలిపి ఎనభై తొమ్మిది. నట్టనడుమ రంధ్రం పక్కన పెన్సిలుతో చిన్న '2' అంకె ఉంది. ఒకే రంధ్రంలోంచి రెండు గుళ్లు వెళ్లాయని మార్కరు పెట్టే గుర్తు అది. దాని కింద మీ సంతకం. ఆ రెండో గుండుకి పది కలిపితేనే తొంభై తొమ్మిది.

తొమ్మిది రంధ్రాలూ కొలిచాను. రెండు గుళ్లు వెళితే అంచు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి అయినా సాగాలి. ఆ నడిమి రంధ్రం మిగతా ఎనిమిదింటిలాగే గుండ్రంగా ఉంది. ఇప్పుడైతే టార్గెట్ వెనక ఇంకో కార్డు కడతాం, అనుమానం వస్తే దాన్ని చూస్తాం. అప్పుడు అది లేదు. మార్కరు మాటే ఆధారం.

మీరు ఏం చూశారో నాకు రాయండి. ఏమనుకున్నారో వద్దు, ఏం చూశారో. మీరు రాసేదాకా ఈ కార్డు నా సొరుగులోనే ఉంటుంది.

కోడలు


మెట్ల వీధి
జూలై 20

కోడలికి,

తొమ్మిదే చూశాను.

ఆ రోజు పొద్దున నాన్న వరసలోకి వెళ్లి రివాల్వరు చేతిలోకి తీసుకోగానే, పక్కనున్న మెంబరు, "మేస్త్రీ, తుడిచిస్తావా, పేలుస్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికి బోర్డు మీద మొదటి పేరు ఆ మెంబరుదే, తొంభై రెండు. నాన్న కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను అదంతా విని గోతిలోకి దిగాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

మొదటి అయిదూ పదులే. తర్వాత మూడు పదులు, ఒక తొమ్మిది. పదో పేలుడు వినిపించింది, కార్డు దించాను. కొత్త రంధ్రం లేదు. చెక్క చట్రం మీద లేదు, అంచుల్లో లేదు. కట్ట మీద నుంచి వెళ్లిపోయింది. తొమ్మిదికి ఎనభై తొమ్మిది. ఆ నవ్వినవాడికి మూడు తక్కువ.

పెన్సిలు చెవి మీదే ఉంది. రెండు అంకె వేశాను.

తన గుండు ఎటు పోయిందో గురి తెలిసినవాడికి చూడకుండానే తెలుస్తుంది. నాన్న పైనుంచి, "చివరిది పైకెళ్లిపోయింది, తొమ్మిదే రాసుకోండి" అని అరిచి మరీ చెప్పాడట. అప్పటి సెక్రటరీ, "కాల్చినవాడి మాట చెల్లదు, మార్కరు మాటే చివరి మాట" అన్నాడు. రూలు అదే. ఆ రూలు పెట్టింది కాల్చేవాళ్లు ఎక్కువ చెప్పుకుంటారని. తక్కువ చెప్పుకునేవాడు ఒకడుంటాడని ఎవరికీ తోచలేదు.

ఇంటికి నడిచి వచ్చాం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఒక్క మాట అన్నాడు: "ఆరో అర కూడా నింపావురా." అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ క్లబ్బులో మళ్లీ కాల్చలేదు కూడా. వాళ్లు పిలవలేదని నేను ఊళ్లో చెప్పుకుంటూ వచ్చాను. రెండుసార్లు పిలిచారు. ఆయనే వెళ్లలేదు. కార్డుని పనిముట్ల పెట్టె అడుగున పడేశాడు. ఆయన పోయాక అద్దం కట్టించి గోడకి కొట్టింది నేనే.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా విను. నా తప్పు నేను ఒప్పుకున్నాను గనక వాళ్లది మాఫీ అయిపోదు. వాళ్లు కార్డు అడగలేదు, రంధ్రాలు లెక్కపెట్టలేదు. మార్కరు బతికే ఉన్నాడా అని కనుక్కోలేదు. మేస్త్రి గనక కుదరదన్నారు, తర్వాత దానికి ఒక పరీక్ష వెతుక్కున్నారు. వాళ్ల తీర్పులో సగం నిజమైంది నా వల్ల. వాళ్ల తెలివి వల్ల కాదు.

కార్డు చూపించు. ఈ ఉత్తరం కూడా చూపించు. నాన్న పంక్తి మళ్లీ రాయించు. ఎనభై తొమ్మిది అని రాయించు. ఆ నవ్వినవాడి తొంభై రెండు కిందికే వస్తుంది, రానీ. నలభై ఎనిమిదేళ్లు వాడి నెత్తిన కూర్చోబెట్టాను. నాన్నకి అక్కడ కూర్చోవడం ఎప్పుడూ ఇష్టం లేదు. ముప్ఫై ఒకటో పేజీ మాత్రం దిద్దాలి. ఉత్సాహంలో పొరపాటు అని ఉండకూడదు. మార్కరు అబద్ధం చెప్పాడు, కాల్చినవాడు చెప్పలేదు అని ఉండాలి.

మీ అత్తకి చెప్పాను. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ గోడ తుడుస్తున్నాను, నాకైనా చెప్పలేదు" అంది. రెండు రోజులుగా గోడ తుడవడం లేదు.

మావయ్య


శిక్షకుల గది
సెప్టెంబరు 3

మావయ్యకి,

సెక్రటరీ మీ ఉత్తరం నిలబడే చదివాడు. "ఎనభై తొమ్మిదికి ఇంత గొడవెందుకమ్మా, వదిలేద్దాం. పుస్తకాలు పంచేశాం కూడా" అన్నాడు. వదిలెయ్యనన్నాను. వదిలేస్తే నా తొంభై ఏడు కూడా తీసేయమన్నాను. అన్నదమ్ములు వేరుపడినట్టు పన్నెండు మంది మెంబర్లు రెండు జట్లయి రెండు సమావేశాల పాటు కొట్టుకున్నారు. చివరికి మిగిలిన పుస్తకాల్లో ముప్ఫై ఒకటో పేజీ మీద చీటీ అంటిస్తున్నారు. చీటీలో మీ వాక్యమే. సెక్రటరీ 'అబద్ధం' బదులు 'తప్పు' అని పెట్టాడు. కొట్టేసి 'అబద్ధం' అని దిద్దాను. మీరు కోరిందే కదా.

బోర్డు మీద ఏడో వరసలో తాతయ్య. ఎనభై తొమ్మిది, పక్కన 'తొమ్మిది గుళ్లకి' అని. పెయింటరు పని అయ్యేదాకా నేను కిందే నిలబడ్డాను. పాత తొంభై తొమ్మిది మీద రంగు వేశారు గానీ, పక్క నుంచి చూస్తే అంకెల గాట్లు ఇంకా కనిపిస్తాయి.

ఇంకో సంగతి. మిగిలిన మీ సీసం గుళ్లలో పది తీసుకుని, అదే రివాల్వరుతో, అయిదే నింపుకుంటూ, యాభై గజాల నుంచి ఒంటిచేత్తో నేనూ కాల్చాను. ముందు నెల రోజులు గొట్టం మీద వాషరు నిలబెట్టుకుని సాధన చేశాను. డెబ్బై ఒకటి వచ్చింది. ఈ చెక్కిన పిడి, తెర మీద గీత లేకుండా నేనెంతో ఇప్పుడు తెలిసింది. ఆ ఎనభై తొమ్మిది కిందే నిలబడి రోజూ పాఠం చెబుతున్నాను. ఇప్పుడు ఎవరైనా నవ్వితే, "మీరు కాల్చి చూడండి" అంటున్నాను. సెక్రటరీ కాల్చి చూశాడు. ముప్ఫై ఎనిమిది. ట్రిగ్గరు బరువన్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని అమ్మ ఎదురుగానే అనేసింది.

రివాల్వరుని ఇక బీరువాలో దాచడం లేదు. బోర్డు కింద గాజుపెట్టెలో పెట్టారు. సిలిండరు తెరిచి, తళతళలాడే, మందు లేని ఆరు ఉత్త తూటాలు పెట్టి, పక్కన దీపం పెట్టారు. బాగుంది. ఫోటో పంపుతున్నాను. కార్డు కూడా దాని పక్కనే, మీ '2' అంకెతో సహా.

గోడ మీద మేకు ఖాళీగా ఉంటుందేమో. నా డెబ్బై ఒకటి కార్డు పంపనా?

కోడలు


మెట్ల వీధి
సెప్టెంబరు 10

కోడలికి,

నీ కార్డు పంపు. మీ అత్త గోడ తుడిచింది.

చీటీ బాగుంది. ఏడో వరస సరే. డెబ్బై ఒకటి కూడా సరే. ట్రిగ్గరు బరువే, సెక్రటరీ ఆ ఒక్క నిజం చెప్పాడు. నాన్న దాన్ని కావాలనే తేలిక చెయ్యలేదు.

ఫోటో భూతద్దం పెట్టి చూశాను. ఇంత జరిగాక కూడా మీ క్లబ్బులో ఒక్కడికీ బుద్ధి రాలేదు. చీటీలు అంటించారు, సమావేశాలు పెట్టుకున్నారు, దీపం పెట్టారు. చుక్క సరిగ్గా ఆ దీపం వెలుగులోనే ఉంది. ఈ ఉత్తరం అందగానే తాళం అడిగి గాజుపెట్టె తెరువు. సెక్రటరీని అడగకు.

ఆ అరలో తూటా తీసెయ్యి.

మావయ్య